నూనె తేరేదాకా

కుప్పం,
24 ఏప్రిల్ 2000

పాపన్న మామగారికి,

వీణ రాస్తున్నాను. కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టి కూడా చించెయ్యకుండా ఇంతవరకూ చదివారంటే, మిగతాది కూడా చదవండి.

తాంబూలాలకు ముందురోజు నాగరాజు బావను చేసుకోనని చెప్పి మిమ్మల్ని పదిమందిలో తలవంచుకునేలా చేశాను. హరినాథ్‌ను చేసుకుని కుప్పం వచ్చేశాను. దీనికి ఆరేళ్ళు. రెండేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు మీరు వచ్చి, చెల్లెలి పాదాల దగ్గర కాసేపు నిలబడి, నా వైపు చూడకుండానే బస్సెక్కారు. ఆ రోజు నుంచి రాయాలనే అనుకుంటున్నాను. ఇప్పుడు రాయడానికి ఒక పని కుదిరింది. పని వంక పెట్టుకుని రాస్తున్నానని మీకు తెలిసిపోతుందని నాకూ తెలుసు.

మా వీధిలో పన్నెండుమంది ఆడవాళ్ళం డ్వాక్రా సంఘం పెట్టుకున్నాం. హరినాథ్ గ్రానైట్ పాలిష్ పనికి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక కాలేజీ హాస్టలు వాళ్ళు జూన్‌లో తెరిచేసరికి పద్నాలుగు జాడీల మామిడికాయ ఊరగాయ కావాలన్నారు. సంఘానికి ఇదే మొదటి పెద్ద పని. ఇది బాగా జరిగితే ఏడాది పొడుగునా మా దగ్గరే తీసుకుంటామన్నారు. పోయినేడు ఇళ్ళకోసమని ప్యాకెట్ నూనెతో పెట్టి చూశాం. మా సంఘం పెద్ద స్వర్ణక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "కారం ఉండాది, ఉప్పు ఉండాది, ఊరగాయ యాడ?" అంది.

మీ గానుగలో ఆడిన నువ్వుల నూనె కావాలి. మూడు టిన్నులు. కాయలు మే తొమ్మిదిన కోస్తారు, అప్పటికి నూనె చేతిలో ఉండాలి. కుదరదంటే ఒక కార్డు ముక్క రాయండి, అర్థం చేసుకుంటాను.

అత్తకు నమస్కారాలు. బావకు ఏం చెప్పాలో తెలియక ఏమీ చెప్పడం లేదు.

మీ మేనకోడలు
వీణ

*

పుంగనూరు,
5 మే 2000

వీణకు మామ పాపన్న దీవెనలు. మేం బాగున్నాం, మీ ఇద్దరూ బాగుండాలి.

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. మొదటిసారి కోపంగా చదివాను. రెండోసారి మీ అత్తకు వినిపించడానికి చదివాను. మూడోసారి ఎందుకు చదివానో నాకే తెలియదు. అందులో నన్ను "మీరు" అని రాశావు. పుట్టినప్పటి నుంచీ నన్ను నువ్వనేదానివి. యాల మారినావమ్మా? కోపం వస్తే తిట్టు, మీరనొద్దు.

నూనె ఆడుతున్నాను. సోమల ఊరి చిన్నస్వామి దగ్గర కొత్త నువ్వులు తెచ్చాను, రాయీ మట్టీ లేని సరుకు. మీ ఆడవాళ్ళకు ఒక సంగతి చెప్పు. మిల్లులో నూనె వేడికి కాగి బయటికొస్తుంది. మన గానుగలో ఎద్దు దాని నడక అది నడుస్తుంది, రోట్లో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతకు మించి వేడెక్కదు. అందుకే నువ్వుల వాసన నువ్వుల్లో ఉన్నట్టే నూనెలోకీ వస్తుంది. ఊరగాయ మీద వేలెడు ఎత్తున ఈ నూనె నిలబెడితే లోపలికి గాలి పోదు. ఏడాది తర్వాత మూత తీసినా, వాకిట్లో ఉన్నవాడు లోపలికొచ్చి కంచం అడుగుతాడు.

ఈ మధ్య పట్నం నుంచి కూడా గానుగ నూనె కోసం మనుషులు వస్తున్నారు. ఒకాయన దీన్ని తాగితే చక్కెర జబ్బు పోతుందా అని అడిగాడు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. నాగరాజు విని, "ఇట్ల సెప్తే యాపారం ఎట్ల జరగతాది నాయనా?" అని తల కొట్టుకున్నాడు. ఉన్న గుణమే చెప్పాలి కదా. తలంటుకుంటే ఒళ్ళు చలవ చేస్తుంది. పసిబిడ్డకు రాసి ఎండపొడలో పడుకోబెడితే హాయిగా నిద్రపోతుంది. పగిలిన మడమలకు మంచిది. వేడి ఇడ్లీ మీద కారప్పొడితో ఒక గరిటె పోసుకుంటే వేరే ఏమీ అక్కర్లేదు. మీ అత్త మోకాళ్ళకు రాసుకుంటుంది. నొప్పి తగ్గుతుందా అని అడిగితే, "తగ్గేది దేవుడెరుగు, నా మోకాళ్ళను ఎవురో పట్టించుకున్నెట్లుంటాది" అంటుంది. అది నన్ను రాయమని అడగడమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా చదువు. నువ్వు తొందర పెట్టావు కాబట్టి ఈ నూనె తేరకముందే పంపుతున్నాను. గానుగ ఆడేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళు చిలకరిస్తాం, బెల్లం ముక్క వేస్తాం. ఆ తడి, మడ్డి ఇంకా నూనెలోనే ఉన్నాయి. టిన్నులు రాగానే నూనెను వెడల్పాటి గిన్నెల్లోకి వంచి, పైన పలచటి గుడ్డ కట్టి, ఐదు రోజులు ఎండలో పెట్టండి. కదపొద్దు. తర్వాత పైన తేటగా ఉన్నది మాత్రమే ఊరగాయలో పొయ్యండి. అడుగుది దీపాలకు వాడుకోండి.

టిన్నులు రేపు తెల్లారి కుప్పం బస్సులో కండక్టరు బైరప్ప దించుతాడు. వాడి చేతికి ఉత్తరం ఇస్తే టిక్కెట్ల కట్టలో కలిపి పోగొడతాడు. నాగరాజు మదనపల్లెలో విత్తనాల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు కదా, వాడు సాయంత్రం బస్సుకు పోతూ అక్కడి పెద్ద పోస్టాఫీసులో వేస్తాడు. ఒకటి రెండు రోజుల్లో అందుతుంది.

మామ
పాపన్న

*

కుప్పం,
27 మే 2000

మామగారికి నమస్కారాలు.

టిన్నులు అందాయి. మీ నుంచి ఒక్క మాట రాలేదు. నూనె పంపారు కదా, మాట తర్వాత వస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈ సంగతి ఎట్లా రాయాలో రెండు రోజులుగా తెలియడం లేదు. పద్నాలుగు జాడీల్లో తొమ్మిది బూజు పట్టాయి. కాయలు తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టి, తడి చెయ్యి తగలకుండా పెట్టాం. నేనే దగ్గరుండి చూశాను. పన్నెండో రోజు మూత తీస్తే తెల్లటి పొర, పులిసిన వాసన. తొమ్మిది జాడీలూ పెరట్లో గుంట తీసి పూడ్చాం.  జయమ్మ అనే ముసలమ్మ ఒకామె ఉంది, మా అమ్మ పేరే. ఆమె మన్ను కప్పుతూ ఏడ్చింది. ఆమె కాయలు కోసిన చేతులకు ఇంకా కట్లున్నాయి.

తర్వాత స్వర్ణక్క అందరి ముందూ అడిగింది. "మీ మామ గదా అని నువ్వు నమ్మినావు. మేం యాల నమ్మల్ల? ఆ నూనెలో ఏందో కలిపినారు."

నేను నమ్మలేదు మామా. కానీ అడగక తప్పడం లేదు. మీకు తెలియకుండా పనివాళ్ళు ఎవరైనా ఏమైనా కలిపి ఉంటారా? దయచేసి ఉన్నదున్నట్టు రాయండి. హాస్టలు వాళ్ళకు పదిహేనో తేదీలోగా ఏదో ఒకటి చెప్పాలి.

వీణ

*

పుంగనూరు,
31 మే 2000

వీణకు,

నా గానుగ దగ్గర పనివాళ్ళు లేరు. నేను, మీ అత్త, ఎద్దు. ఈ ముగ్గురిలో ఎవరు కలిపారో నువ్వే చెప్పు.

మా నాయన ఈ పని నాకు అప్పజెప్పి ముప్పై నాలుగేళ్ళయింది. కల్తీ అన్న మాట మా వాకిట్లో ఎవరూ అనలేదు. పరాయివాళ్ళు అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అంత వివరంగా ఉత్తరం రాశాను. చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు, తిరిగి నన్నే అడుగుతున్నావు.

నాగరాజు మూడేళ్ళుగా గానుగ ఆపెయ్యమంటున్నాడు. ఈసారి సరే అన్నాను. ఎద్దును విప్పేశాను. మదనపల్లె కట్టెల డిపో ఆయన తొమ్మిదో తేదీన వచ్చి రోకలీ, మాను రోలూ తీసుకుపోతాడు. మంచి చేవ ఉన్న చింత కట్టె, ఎవరికైనా పనికొస్తుంది.

పాపన్న

*

కుప్పం,
4 జూన్ 2000

మామా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బైరప్ప చేతికి ఇచ్చి, నీ చేతిలో పెట్టేదాకా కూర్చోవద్దని చెప్పాను. పోగొట్టుకుంటే రేపటి నుంచి కుప్పం బస్టాండులో తిరగనివ్వనన్నాను. భయపడ్డాడు.

ఏ ఉత్తరం మామా? నాకు ఏ ఉత్తరమూ రాలేదు. టిన్నులు మాత్రమే వచ్చాయి. ఒట్టు. నువ్వు వివరంగా రాశానన్న ఆ మాట చదివి, హరినాథ్‌ను పోస్టాఫీసుకు పంపాను. మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఆయన ఇంటికి కూడా పోయి అడిగాడు. లేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది, అది ముందు చెబుతాను. నిన్నడిగే ముందు నూనెనే అడిగి ఉండాల్సింది. మూడో టిన్ను అడుగున మిగిలిన నూనెను గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టి ఉన్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు దాని వైపు చూశాను. పైన తేనెలా తేటగా ఉంది. అడుగున రెండు వేళ్ళ మందాన బురద లాంటి మడ్డి, దాని కింద నీటి చుక్కలు. స్వర్ణక్కను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు సీసా తిప్పి తిప్పి చూసింది. తర్వాత తనే లెక్క తేల్చింది. ముందు నింపిన ఐదు జాడీల్లో మూడు టిన్నుల్లోంచీ పైపైన తీసిన నూనె పడింది, అవి బాగున్నాయి. తర్వాతి తొమ్మిదింటిలో అడుగు నూనె పడింది.

"తేరకముందే పోసినాం. కలిపినారని అంటిని. నోరు జారినాను, మీ మామకు రాయి" అంది. రాస్తున్నాను. ఆమె కన్నా ఎక్కువగా నేనే జారాను. ఆమె పరాయిది. నేను నీ భుజం మీద పెరిగినదాన్ని.

నూనె తేరాలని నాకు తెలిసి ఉండాల్సింది. గానుగ ఇంట్లో ఆడుకున్నాను గానీ పని ఎప్పుడూ గమనించలేదు.

మామా, రోకలి ఇవ్వొద్దు. నా మీద కోపం నా మీదే చూపించు. డిపో ఆయన వచ్చేలోగా ఈ ఉత్తరం నీకు అందాలని బైరప్పకు రెండు సార్లు చెప్పాను.

వీణ

*

పుంగనూరు,
10 జూన్ 2000

వీణమ్మకు మామ దీవెనలు.

బైరప్ప ఐదో తేదీ మధ్యాహ్నం వచ్చి, ఉత్తరం నా చేతిలో పెట్టి, నేను కవరు చించేదాకా నిలబడే ఉన్నాడు. నాలుగు రోజులు ఆ కాగితాన్ని జేబులోనే పెట్టుకు తిరిగాను. ఉత్తరం ఏమైంది? నా చేతుల్తో రాసి నాగరాజుకు ఇచ్చాను. అడగాలంటే నాకే భయమేసింది.

నిన్న వాడు డిపో ఆయన్ని వెంటబెట్టుకుని మదనపల్లె నుంచి వచ్చాడు. ముందు తిండికి కూర్చున్నాం. అప్పుడు నీ ఉత్తరం పైకి చదివాను. "ఏ ఉత్తరం మామా? ఒట్టు" అన్న చోటికి రాగానే నాగరాజు ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని, సంచి తెచ్చి, అడుగు నుంచి కవరు తీసి నా ముందు పెట్టాడు. స్టాంపు అతికించినట్టే ఉంది.

"పోస్టు డబ్బా కాడికి పోయినాను నాయనా. కవరు మీద నీ రాతతో ఆ పేరు సూసినాను. ఆరేండ్లు నువ్వు ఆ పేరు ఎత్తలేదు, నాకోసమే ఎత్తలేదని అనుకుంటిని. ఇప్పుడు వాళ్ళూ మీరూ ఒకటి, నేను బయట అనిపించింది. రేపు ఏద్దాం, రేపు ఏద్దాం అనుకున్నాను. వారం దాటినాక ఎయ్యడానికి మొకం లేకపోయె. లోపల నూనె సంగతి ఉండాదని నాకు తెలీదు."

చెయ్యెత్తాను. ముప్పై రెండేళ్ళ కొడుకు మీద. తలవంచి నిలబడ్డాడు, తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి దించుకున్నాను. ఆరేళ్ళలో వాడితో నేను ఒక్కసారైనా ఆ సంగతి మాట్లాడి ఉంటే కవరు సంచిలో ఉండిపోయేది కాదేమో. నా పరువు పోయిందనే అనుకుంటూ గడిపాను గానీ, వాడికేం పోయిందో అడగలేదు.

ఇదంతా జరుగుతుండగా డిపో ఆయన మనుషులు గానుగ కాడికి పోయారు. మీ అత్త ఎప్పుడు లేచిపోయిందో చూడలేదు. పోయి చూస్తే, నొప్పి మోకాళ్ళతో ఎట్లా ఎక్కిందో ఏమో, రోటి అంచు మీద కూర్చుని ఉంది. "తీసకపోండప్పా, నన్ను గూడా కలిపి తూకమెయ్యండి" అంటోంది. డిపో ఆయన నా ముఖం చూశాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపాం.

ఈ రోజు ఎద్దును మళ్ళీ కట్టాను. ఈసారి నేనే తేర్చి పంపుతాను. నూనెతో పాటు నాగరాజు వస్తానంటున్నాడు. నేను పంపడం లేదు, వాడే వస్తానన్నాడు. వద్దంటే రాయి, ఆపుతాను. పాత ఉత్తరం ఇందులోనే పెట్టాను, తాపీగా చదువు.

మామ
పాపన్న

*

కుప్పం,
29 జూన్ 2000

మామా,

వద్దని రాయలేదు కాబట్టి బావ వచ్చాడు. పందొమ్మిదో తేదీ ఉదయం. టిన్నులు దించి, చెప్పులు విప్పి, లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.  హరినాథే చెంబుతో నీళ్ళు పట్టుకుపోయి, "లోపలికి రాప్పా, ఎండ" అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చుని గ్రానైట్ ధూళి గురించి, వేరుశెనగ విత్తనాల గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను వంటింట్లో నిలబడి ఆ మాటలే వింటున్నాను.

తర్వాత బావ, "మీ సంఘం ఆడోళ్ళు యాడుంటారు?" అని అడిగాడు. తీసుకుపోయాను. పన్నెండుమంది ముందు నిలబడి అన్నాడు. "తప్పు నూనెది కాదు. మా నాయనది కాదు. మీ వీణది గూడా కాదు. నూనెను ఎండలో పెట్టమని రాసిన ఉత్తరం నా కాడ ఉండిపోయింది. నేనే ఎయ్యలేదు." ఎందుకు వెయ్యలేదని ఎవరైనా అడుగుతారని నేను భయపడ్డాను. స్వర్ణక్క అతని ముఖం చూసి, ఏం అర్థమైందో, "సరే, కత్తిపీట పట్టడం వచ్చునా?" అని మాత్రం అడిగింది.

కాయలు అయిపోయే కాలం. పెద్దపంజాణి దగ్గర ఒక తోటలో ఆలస్యంగా కాసే చెట్లున్నాయని బావకే తెలుసు. విత్తనాలు అమ్మడానికి పోయేవాడట. హరినాథ్, తను కలిసి పోయి రెండు గోతాలు తెచ్చారు. బావ రెండు రోజులు కాయలు కోశాడు. టెంకలు ముదిరిపోయి ఉన్నాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. జయమ్మవ్వ ఆ చేతులకు నీ నూనే రాసింది.

హాస్టలు వార్డెన్ దగ్గరికి మంచి ఐదు జాడీలు పట్టుకుపోయి, జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె వేలితో రుచి చూసింది. మిగతావి జూలై నెలాఖరుకు ఇవ్వండి, కానీ ముందు నేను వచ్చి చూస్తాను అంది. తొమ్మిది జాడీలు పెట్టాం. ఈ రోజు ఆరో రోజు. పొద్దున్నే మూతలు తీసి చూశాం, మళ్ళీ పెట్టాం. మధ్యాహ్నం మళ్ళీ తీయబోతుంటే స్వర్ణక్క చేతి మీద కొట్టింది.

బావ పోయేటప్పుడు బస్టాండు దాకా పోయాను. "ఆ రోజు నీకు ముందే చెప్పి ఉండాల్సింది. పదిమందిలో తెలిసేలా చేశాను. అది తప్పు" అన్నాను. "ఔ" అన్నాడు. బస్సు మెట్టెక్కి, "ముందే సెప్పింటే నేనే మా నాయనకు సెప్పేవాణ్ణి" అన్నాడు. బస్సు కదిలింది. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను మామా. ఏడుపు వచ్చింది గానీ, బరువుగా లేదు.

అత్త మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? రోలు ఎక్కినాక నొప్పి పెరగలేదు కదా?

నీ వీణ

*

పుంగనూరు,
18 ఫిబ్రవరి 2001

వీణకు మామ దీవెనలు, హరినాథ్‌కు కూడా.

ఆ తొమ్మిది జాడీలూ చెడకుండా నిలిచి, హాస్టలు వాళ్ళు ఈ ఏటికి ఇరవై నాలుగు జాడీలు చెప్పారని రాశావు. సంతోషం. దానికి జవాబు ఇంతకాలం రాయలేదంటే కారణం మీ స్వర్ణే. మీ సంఘం తరఫున గానుగ నేర్చుకోవడానికి వస్తుందని నువ్వు రాసినప్పుడు, ఒప్పుకున్నాను గానీ మనసులో నవ్వుకున్నాను. కల్తీ అన్న మనిషి నా దగ్గర ఏం నేర్చుకుంటుందిలే అని.

ఇరవై రోజులుంది. మొదటి రోజే నువ్వుల్లో చెయ్యి పెట్టి, "ఇవి సరిగ్గా ఎండలేదప్పా" అంది. నిజమే. నాకు కోపమొచ్చింది. రెండో రోజు నీళ్ళు ఎక్కువ చిలకరించి ఒక వాయి పాడుచేసింది.  పిండి ముద్దకట్టినప్పుడు రోకలి చప్పుడు మారుతుంది. అది వినడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆమెకు పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు నేను వాకిట్లో కూర్చుని ఆ చప్పుడు విన్నాను. "ఇంగ సాలు, నూనె దిగతాండాది" అని లోపల నుంచి ఆమే కేకేసింది. అదే మాట అనబోతూ నేను నోరు తెరిచి ఉన్నాను. ఇది నాగరాజు నేర్చుకుంటాడని ఎన్నేళ్ళు ఎదురుచూశానో నీకు తెలుసు. వాడి మనసు విత్తనాల్లో ఉంది, ఉండనీ. ఈ పని నాతోనే పోతుందన్న దిగులు మాత్రం ఆ రోజు దిగిపోయింది.

గుర్రంకొండలో మునస్వామి అని నా ఈడువాడు ఉన్నాడు. వాడి గానుగ పదేళ్ళుగా కొట్టంలో మూలపడి ఉంది. నేనూ స్వర్ణా పోయి అడిగాం. ఎవరు ఆడతారని అడిగాడు. స్వర్ణను చూపించాను. ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఎద్దు సెప్పినమాట ఇంటాదా నీకు?" అన్నాడు. "మా ఆయనే ఇంటాడు, ఎద్దెంత?" అంది. ముసలోడు దగ్గు వచ్చేదాకా నవ్వి, ఇచ్చేశాడు. రోటి లోపల ఒక పక్క కొంచెం చీలిక ఉంది, నేను సరిచేశాను.

మార్చి రెండున అది లారీలో కుప్పం వస్తుంది. నిలబెట్టడానికి నేను రావాలి. మీ సంఘం గది పక్కన రోలు పాతడానికి మూడు అడుగుల గుంట తవ్వించి పెట్టమని స్వర్ణకు చెప్పు. మీ అత్త తన చేతుల్తో మొదటి పిడికెడు నువ్వులు వేస్తానంటోంది. నాగరాజు రెండు రోజులు సెలవు పెట్టాడు. వాడు నిమ్మనపల్లె సంబంధం చూడటానికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి నీకు తనే చెబుతానన్నాడు, తెలియనట్టే ఉండు.

ఎక్కడ దిగాలో ఆలోచించక్కర్లేదని మీ అత్త రాయమంటోంది. ఆ రోజు మీ ఇంట్లో మాకు ముగ్గురికీ బియ్యం వెయ్యి.

మామ
పాపన్న